నడుముకు బ్లాక్ బెల్ట్ ఉంది... చేతిలో చెల్లే సర్టిఫికెట్ ఉందా?

సాయంత్రం ఆరు దాటాక కూకట్‌పల్లికి వెళ్లినా, విజయవాడ పటమటకు వెళ్లినా, హనుమకొండకు వెళ్లినా ఒక దృశ్యం మామూలే. ఏదో ఒక స్కూల్ గ్రౌండ్‌లోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో తెల్ల డ్రెస్సులు వేసుకున్న పిల్లలు వరుసల్లో నిలబడి ఉంటారు. ముందు నిలబడి పంచ్‌లు లెక్కపెట్టించే మాస్టర్‌కు చాలాసార్లు ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. పగలు డిగ్రీ లేదా బీటెక్, సాయంత్రం కరాటే క్లాసులు. ఎనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టి, పన్నెండేళ్లు చెమటోడ్చి, బ్లాక్ బెల్ట్ తెచ్చుకుని, ఇప్పుడు తనే పదిమందికి నేర్పుతున్న కుర్రాడో, అమ్మాయో.

అలాంటి ఒకరి బయోడేటా ఊహించుకోండి. సెకండ్ డాన్ బ్లాక్ బెల్ట్. పద్నాలుగు మెడల్స్. అందులో రెండు 'ఇంటర్నేషనల్' గోల్డ్. స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ పడింది, దరఖాస్తు పెట్టారు. సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చింది. అక్కడ మెడల్స్ ఎన్ని అని ఎవరూ అడగరు. అడిగేది ఒకటే: ఈ పోటీ పెట్టింది ఎవరు? ఆ సంస్థకు గుర్తింపు ఉందా?

పద్నాలుగు కాగితాల్లో ఒక్కటి కూడా ఆ ప్రశ్నకు నిలబడకపోవచ్చు. కష్టం నిజమే, ఆట నిజమే, గెలుపూ నిజమే. కానీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసేది గెలుపును కాదు, ఆ గెలుపు కింద ఉన్న సంతకాన్ని. కరాటేలో ఈ తేడా మిగతా ఆటల కంటే చాలా ఎక్కువ. ఎందుకు ఎక్కువ, ఏ కాగితం చెల్లుతుంది, ఏది చెల్లదు, కరాటేనే బతుకుదెరువు చేసుకోవాలంటే లెక్కలు ఎలా ఉంటాయి? కాలేజీలో ఉండగానే తెలుసుకోవాల్సిన విషయాలివి.

రెండు నిచ్చెనలు, ఒకే ఆట

కరాటేలో పైకి వెళ్లడానికి రెండు నిచ్చెనలు ఉన్నాయి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది బెల్టుల నిచ్చెన. వైట్ బెల్ట్ నుంచి బ్రౌన్ దాకా ఉండే మెట్లను 'క్యూ' అంటారు. బ్లాక్ బెల్ట్ నుంచి పైకి ఉండేవి 'డాన్'. వీటిని ఇచ్చేది ఆయా శైలుల సంస్థలు. షోటోకాన్, గోజు ర్యూ, షిటో ర్యూ, వాడో ర్యూ... ఇవి ప్రధానమైన నాలుగు శైలులు. ఒక్కో శైలి పేరుతో మళ్లీ బోలెడు సంస్థలు. బెల్ట్ టెస్ట్ పెట్టేది వాళ్లే, ఫీజు తీసుకునేది వాళ్లే, సర్టిఫికెట్ ఇచ్చేదీ వాళ్లే. ఈ నిచ్చెన మీ శిక్షణకు కొలత. నేర్పడానికి మీకున్న అర్హతను చెబుతుంది.

రెండోది పోటీల నిచ్చెన. జిల్లా, రాష్ట్రం, జాతీయం, ఆసియా, ప్రపంచం. దీన్ని నడిపేది క్రీడా సమాఖ్యలు. అన్నిటికంటే పైన ప్రపంచ కరాటే సమాఖ్య ఉంటుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు ఉన్న కరాటే సంస్థ అదే. ఏ శైలి వాళ్లయినా ఈ పోటీలకు వచ్చేసరికి ఒకే రూల్ బుక్ కింద ఆడాల్సిందే.

స్పోర్ట్స్ కోటా చూసేది రెండో నిచ్చెననే. మీరు ఐదో డాన్ అయినా సరే, రాష్ట్రం తరఫున గుర్తింపు ఉన్న జాతీయ పోటీలో ఆడకపోతే ఆ కోటాలో మీ పేరు ఉండదు. ఫస్ట్ డాన్ కూడా పూర్తికాని అమ్మాయి యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలో మూడో స్థానంలో వస్తే, ఆమె మీ కంటే ముందుంటుంది. బెల్ట్ గొప్పదా, మెడల్ గొప్పదా అన్న వాదన ఇక్కడ అనవసరం. రెండూ వేర్వేరు పనులకు పనికొచ్చేవి, అంతే.

రూల్ తెలియకపోతే గెలుపు కూడా ఓటమే

పోటీ కరాటేలో రెండు విభాగాలు. కటా అంటే ఊహించుకున్న ప్రత్యర్థుల మీద నిర్ణీత క్రమంలో చేసి చూపించే కదలికలు. కుమితే అంటే ఎదురుగా మనిషి ఉండే పోరు. కుమితేలో పంచ్‌కు ఒక పాయింట్, దాన్ని యుకో అంటారు. శరీరానికి తగిలే కిక్‌కు రెండు, అది వజారి. తలవైపు కిక్‌కు, కింద పడిన ప్రత్యర్థి మీద కొట్టే టెక్నిక్‌కు మూడు, అది ఇప్పోన్. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం వస్తే బౌట్ అక్కడే ముగుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన రూల్ ఒకటుంది: అదుపు. దెబ్బ వేగంగా వెళ్లాలి, కానీ గాయం చేయకూడదు. దీనికి టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2021 ఆగస్టు 7న పురుషుల 75 కిలోల పైబడిన విభాగంలో సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమేదీ 4-1తో ముందంజలో ఉన్నాడు. తల మీదకు కొట్టిన కిక్‌కు ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్టేడియంలో ఉన్నవాళ్లకు గెలిచింది హమేదీనే అనిపించింది. జడ్జీలు మాత్రం అదుపు లేని దెబ్బ అని హమేదీని డిస్‌క్వాలిఫై చేశారు. స్ట్రెచర్ మీద బయటికి వెళ్లిన గంజ్‌జాదేకు స్వర్ణం, హమేదీకి రజతం.

ఆ నిర్ణయం న్యాయమా కాదా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు మాత్రం అందులో ఒక పాఠం ఉంది. మ్యాట్ మీద ఎంత గట్టిగా కొట్టామన్నది ఒక విషయం, రూల్ బుక్ దాన్ని ఎలా లెక్కిస్తుందన్నది వేరే విషయం. సర్టిఫికెట్ల దగ్గర కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది.

ఒలింపిక్స్ తలుపు తెరుచుకుంది, మూసుకుంది

కరాటేకు ఒలింపిక్స్‌లో చోటు కోసం దశాబ్దాల పాటు ప్రయత్నాలు జరిగాయి. చివరికి టోక్యోలో దక్కింది. ఎనిమిది స్వర్ణాలు పెట్టారు. కటాలో రెండు, కుమితేలో ఆరు. మామూలు ప్రపంచ పోటీల్లో కుమితేకు పురుషులకు ఐదు, మహిళలకు ఐదు బరువు విభాగాలు ఉంటే, టోక్యోలో వాటిని మూడేసికి కుదించారు.

పురుషుల కటాలో రియో కియునా స్వర్ణం గెలిచాడు. కరాటే పుట్టిన ఒకినావా నుంచి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన మొదటి క్రీడాకారుడు అతనే. ఐదేళ్ల వయసులో కరాటే మొదలుపెట్టి, సుగువో సకుమోటో దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి, వరుసగా ప్రపంచ టైటిళ్లు కొట్టి అక్కడిదాకా వచ్చాడు. మహిళల కటాలో స్పెయిన్‌కు చెందిన సాండ్రా సాంచెజ్ గెలిచింది. అప్పటికి ఆమె వయసు 39. ఇరవై మూడు వచ్చేసరికి 'ఇక నా ఆట అయిపోయింది' అనుకునేవాళ్లు ఆ సంఖ్యను ఒకసారి గుర్తుపెట్టుకోవాలి.

కానీ కథ అక్కడే ఆగిపోయింది. 2024 పారిస్‌లో కరాటే లేదు. 2028 లాస్ ఏంజెలిస్‌కు అదనపు క్రీడలను 2023 అక్టోబర్‌లో మన ముంబైలోనే జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో ఖరారు చేశారు. క్రికెట్, స్క్వాష్, ఫ్లాగ్ ఫుట్‌బాల్, లాక్రాస్, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్ చేరాయి. కరాటేకు చోటు దక్కలేదు.

దీని ప్రభావం నేరుగా డబ్బు మీద పడుతుంది. కేంద్రం ఎక్కువ ఖర్చు పెట్టే 'టాప్స్' పథకం పేరులోనే ఒలింపిక్ పోడియం అని ఉంది. ఒలింపిక్స్‌లో లేని ఆటకు ఆ తలుపు దాదాపు మూసినట్టే. కార్పొరేట్ స్పాన్సర్లు కూడా టీవీలో కనిపించే ఆట వైపే చూస్తారు.

అలాగని దారి మొత్తం మూసుకుపోలేదు. 1994 హిరోషిమా నుంచి ఆసియా క్రీడల్లో కరాటే ఉంది. 2026లో జపాన్‌లోని ఐచి-నగోయాలో జరిగే ఆసియా క్రీడల జాబితాలోనూ ఉంది. ప్రపంచ, ఆసియా ఛాంపియన్‌షిప్‌లు ఎలాగూ ఉంటాయి. అంటే అంతర్జాతీయ స్థాయి అనేది నిజంగానే ఉంది. మన పిల్లలు ఆడుతున్నది అక్కడేనా అన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర చిక్కు ఎక్కడ పడింది?

దేశంలో కరాటే సంస్థలకు కొదవ లేదు. పేర్లలో 'ఆలిండియా', 'ఇండో', 'వరల్డ్', 'ఇంటర్నేషనల్' అన్న మాటలకూ కొదవ లేదు. సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి ఒక సంఘం రిజిస్టర్ చేసుకోవడం పెద్ద పని కాదు. రిజిస్ట్రేషన్ నంబర్ రావడం వేరు, క్రీడా సమాఖ్యగా గుర్తింపు రావడం వేరు. సర్టిఫికెట్ మీద 'ప్రభుత్వ రిజిస్టర్డ్' అని పెద్ద అక్షరాలతో ఉంటే తల్లిదండ్రులు ప్రభుత్వమే ఇచ్చిందనుకుంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఇలాంటి చోటే గుర్తొస్తుంది.

పైస్థాయిలోనూ పరిస్థితి సాఫీగా లేదు. ఏళ్ల తరబడి దేశంలో కరాటేను నడిపిన కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపును 2020 జూన్‌లో ప్రపంచ కరాటే సమాఖ్య తాత్కాలికంగా రద్దు చేసింది. లోపలి వర్గ పోరు ముదిరి అక్కడిదాకా వచ్చింది. ఆ తర్వాత కరాటే ఇండియా ఆర్గనైజేషన్ పేరుతో మరో సంస్థ ముందుకొచ్చింది. పైన ఇలా కుర్చీలు మారితే కింద రాష్ట్ర సంఘాలు, జిల్లా సంఘాలు కూడా చీలతాయి. ఒకే జిల్లాలో రెండు 'జిల్లా సంఘాలు', ఒకే ఏడాది రెండు 'రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు' పుడతాయి.

బీటెక్ వాళ్లకు ఈ పోలిక చెబితే వెంటనే అర్థమవుతుంది. మీ కోడ్ బాగానే ఉంది, లోకల్‌లో చక్కగా రన్ అవుతోంది. కానీ అది ఆధారపడిన ఏపీఐ కీ ఎక్స్‌పైర్ అయింది. కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చున్నా ఉపయోగం లేదు. క్రీడాకారుడి మెడల్ కూడా అంతే. మీ ఆటలో లోపం లేకపోయినా, పైనున్న సంస్థకు గుర్తింపు లేకపోతే మీ కాగితం పనిచేయదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు తయారవుతుంది వ్యవహారం.

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం ఇలాంటి చిక్కులను విప్పడానికే ఉద్దేశించింది. సమాఖ్యలకు గుర్తింపు ఇవ్వడానికి, అవసరమైతే సస్పెండ్ చేయడానికి జాతీయ క్రీడా బోర్డు ఉండాలని, వివాదాలు తేల్చడానికి జాతీయ క్రీడా ట్రైబ్యునల్ ఉండాలని ఈ చట్టం చెబుతోంది. ఎన్నికలను పర్యవేక్షించే ప్యానెల్ కూడా ఇందులో ఉంది. ఇవి గట్టిగా పనిచేస్తే ఎక్కువ లాభపడేది క్రికెట్ లాంటి పెద్ద ఆటలు కాదు. ఏ సంఘం అసలుదో తేలక పిల్లలు నష్టపోతున్న కరాటే లాంటి ఆటలే. అందుకే ఈ చట్టం అమలును కరాటే వాళ్లు సివిల్స్ అభ్యర్థుల కంటే శ్రద్ధగా చదవాలి.

ఉద్యోగానికి ఏ కాగితం చెల్లుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రతిభ గల క్రీడాకారుల నియామకానికి సిబ్బంది, శిక్షణ విభాగం మార్గదర్శకాలు ఉన్నాయి. గ్రూప్ సి నేరుగా భర్తీ చేసే ఖాళీల్లో 5 శాతం వరకు క్రీడాకారులతో నింపవచ్చు. మొదట 43 క్రీడలతో ఉన్న జాబితాలో 2020లో మరో 20 చేరి 63 అయ్యాయి. కరాటే-డో అన్న పేరుతో మన ఆట ఆ జాబితాలో ముందు నుంచే ఉంది. అంటే ఒలింపిక్స్‌లో లేకపోయినా కేంద్ర ఉద్యోగానికి కరాటే పనికొస్తుంది. చాలామందికి తెలియని మంచి వార్త ఇది.

షరతు ఎక్కడ ఉందంటే, సర్టిఫికెట్ నిర్ణీత నమూనాలో, నిర్ణీత అధికారి సంతకంతో ఉండాలి. స్థాయిని బట్టి నమూనా మారుతుంది.

ఫారం 1: దేశం తరఫున అంతర్జాతీయ పోటీలో ఆడినవారికి. జాతీయ సమాఖ్య కార్యదర్శి ఇవ్వాలి.

ఫారం 2: రాష్ట్రం తరఫున జాతీయ పోటీలో ఆడినవారికి. రాష్ట్ర సంఘం కార్యదర్శి ఇవ్వాలి.

ఫారం 3: యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి. యూనివర్సిటీ క్రీడా విభాగం డీన్ లేదా డైరెక్టర్ లాంటి అధికారి ఇవ్వాలి.

ఫారం 4: రాష్ట్ర స్కూల్ జట్టు తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవారికి. విద్యాశాఖ అధికారి ఇవ్వాలి.

ఫారం 5: జాతీయ శారీరక సామర్థ్య పురస్కారం పొందినవారికి.

ఎంపికలో మొదటి ప్రాధాన్యం అంతర్జాతీయ స్థాయిలో దేశానికి ఆడినవారికి. ఆ తర్వాత జాతీయ సీనియర్, జూనియర్ పోటీల్లో మొదటి మూడు స్థానాలు. ఆ తర్వాత అంతర్ విశ్వవిద్యాలయం, తర్వాత జాతీయ పాఠశాల క్రీడలు. మెడల్ రాకపోయినా ఆయా స్థాయిల్లో ప్రాతినిధ్యం వహించినవారు చివర్లో పరిగణనలోకి వస్తారు. గరిష్ఠ వయసులో ఐదేళ్ల వరకు, ఎస్సీ, ఎస్టీలకు పదేళ్ల వరకు సడలింపు ఉంది.

ఇందులో 'తరఫున' అన్న మాటను రెండుసార్లు చదవండి. ఓపెన్ టోర్నమెంట్‌కు మీరే ఎంట్రీ ఫీజు కట్టి, మీ క్లబ్ పేరు మీద ఆడి, గోల్డ్ గెలిస్తే అది మీ వ్యక్తిగత ఘనత. నేపాల్ నుంచో, శ్రీలంక నుంచో నలుగురు ఆటగాళ్లు వచ్చారని ఆ పోటీకి 'ఇంటర్నేషనల్' అని పేరు పెట్టినా, మీరు భారత జట్టుకు ఎంపికై ఆడినట్టు కాదు. రాష్ట్రమో, దేశమో, యూనివర్సిటీనో మిమ్మల్ని ఎంపిక చేసి పంపిందా లేదా? కోటా లెక్క మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

మన రెండు రాష్ట్రాల సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్ తన 2024-29 క్రీడా విధానంతో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. తెలంగాణలో 2 శాతం ఉంది. అంతర్జాతీయ స్థాయిలో మెరిసిన బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ మహ్మద్ సిరాజ్‌కు తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీ ఉద్యోగాలు ఇచ్చిన సంగతి తెలిసిందే. అవి శిఖరం మీది ఉదాహరణలు. కింద ఉన్న వేలమందికి దారి చూపేది మాత్రం నోటిఫికేషన్‌లో ఉండే క్రీడల జాబితా, అర్హత స్థాయిలే. కేంద్రం జాబితా వేరు, రాష్ట్రాల జాబితాలు వేరు, రైల్వేలు, సాయుధ బలగాల నోటిఫికేషన్లలో ఆట, విభాగం, పోస్టుల సంఖ్య కూడా విడిగా ఉంటాయి. ఒకచోట కరాటే ఉందని ఇంకోచోట కూడా ఉంటుందనుకోవద్దు. దరఖాస్తు ఫీజు కట్టకముందే అనుబంధం తెరిచి చూడండి.

కాలేజీలో ఉన్నవాళ్ల చేతిలో ఉన్న ఆయుధం

పై ఐదు ఫారాల్లో మీకు అందుబాటులో ఉన్నది, వివాదాలు తక్కువగా ఉన్నది ఫారం 3. సంఘాల గొడవలతో దానికి సంబంధం లేదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరుగుతాయి. అందులో కరాటే కూడా ఉంది. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ... మీ కాలేజీ ఏ యూనివర్సిటీకి అనుబంధమో ఆ యూనివర్సిటీ జట్టు ఎంపికలకు వెళ్లొచ్చు.

అయినా చాలామంది వెళ్లరు. కారణం సింపుల్. ఎంపికల సర్క్యులర్ ప్రిన్సిపాల్ ఆఫీసుకు వస్తుంది, అక్కడి నుంచి ఫిజికల్ డైరెక్టర్ టేబుల్ మీదకు వెళ్తుంది, నోటీసు బోర్డు దాకా రాదు. కరాటే ఆడే విద్యార్థి తన కాలేజీలో ఉన్నాడని పీడీ గారికే తెలియదు, ఎందుకంటే ఆ కుర్రాడు ప్రాక్టీస్ చేసేది బయట క్లబ్‌లో. ఫస్టియర్‌లో చేరగానే పీడీ గారిని కలిసి, 'సార్, నేను కరాటే ఆడతాను, యూనివర్సిటీ ఎంపికలుంటే చెప్పండి' అని ఒక్క మాట చెప్పి పేరు రాయించుకుంటే చాలు. నాలుగేళ్ల బీటెక్‌లో నాలుగు అవకాశాలు. ఫైనలియర్‌లో గుర్తొస్తే మిగిలేది ఒకటే, అదీ ప్లేస్‌మెంట్ల హడావుడిలో.

ఇన్‌స్ట్రక్టర్‌గా బతకగలమా?

ప్రభుత్వ ఉద్యోగమే వద్దు, నేర్పుతూనే బతుకుతా అనుకునేవాళ్లూ ఉన్నారు. మంచిదే. కానీ లెక్క వేసుకుని దిగాలి.

సమగ్ర శిక్షలో 'రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్' అనే కార్యక్రమం ఉంది. ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు ఆత్మరక్షణ నేర్పించాలి. ఒక్కో స్కూలుకు నెలకు రూ. 5,000 చొప్పున మూడు నెలలు. అంటే ఏడాదికి ఒక స్కూలు మీద వచ్చేది రూ. 15,000. నాలుగు స్కూళ్లు చేతిలో ఉన్నాయనుకుందాం, రూ. 60,000. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు రూ. 5,000. పెట్రోల్ ఖర్చు తీస్తే ఇంకా తక్కువ. బిల్లు ఎప్పుడు వస్తుందన్నది మరో లెక్క. ఇది జీతం కాదు, పక్క ఆదాయం. అయితే అనుభవ ధ్రువపత్రం వస్తుంది, స్కూల్ హెచ్‌ఎంలతో పరిచయం అవుతుంది. అమ్మాయిలకు నేర్పడానికి మహిళా ఇన్‌స్ట్రక్టర్లనే స్కూళ్లు ఎక్కువగా అడుగుతాయి కాబట్టి కరాటే తెలిసిన అమ్మాయిలు దీన్ని వదులుకోవద్దు.

సొంత క్లాసుల సంగతి చూద్దాం. ముప్ఫై మంది పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు రూ. 800 అనుకుంటే రూ. 24,000. హాలు అద్దె, మ్యాట్లు, ప్రయాణం పోగా మిగిలేది అందులో సగమే కావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంపుల వల్ల పెరుగుతుంది, పరీక్షల నెలల్లో పడిపోతుంది. ఈ ఒడుదొడుకులు తట్టుకోవాలంటే ఇంకో ఆధారం ఉండాలి. బీపీఈడీ చేస్తే పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు అర్హత వస్తుంది. కోచింగ్‌నే వృత్తిగా తీసుకునేవాళ్లు 1961లో మొదలైన పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోర్సుల జాబితాను ప్రతి ఏడాదీ చూడాలి. అక్కడ ఏడాది డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులు ఉంటాయి. ఏ ఏడాది ఏ క్రీడకు ప్రవేశాలు ఇస్తున్నారన్నది ఆ నోటిఫికేషన్‌లోనే తేలుతుంది.

పెద్ద స్కూళ్లు, గేటెడ్ కమ్యూనిటీలు అడిగేవి ఇంకా ఉన్నాయి. ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ ఉందా? పోలీస్ వెరిఫికేషన్ ఉందా? పిల్లలతో పనిచేసే మనిషికి ఇవి ఉండి తీరాలి. బ్లాక్ బెల్ట్ ఫొటో కంటే ఈ రెండు కాగితాలే తల్లిదండ్రులకు ఎక్కువ ధైర్యం ఇస్తాయి.

ప్రైవేటు ఇంటర్వ్యూలో కరాటే

సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్ ఇంటర్వ్యూల్లో ఏ సంఘం సర్టిఫికెట్ అని ఎవరూ అడగరు. కానీ రెజ్యూమెలో 'హాబీస్: కరాటే' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు కూడా. అదే చోట 'మూడేళ్లుగా వారానికి నాలుగు రోజులు ముప్ఫై మంది పిల్లలకు శిక్షణ, ఫీజు వసూలు, టైమ్‌టేబుల్, తల్లిదండ్రులతో సమావేశాలు అన్నీ స్వయంగా నిర్వహణ' అని రాయండి. అది హాబీ కాదు, అనుభవం. ఫ్రెషర్ రెజ్యూమెలో అలాంటి లైన్ అరుదు. అల్లరి చేసే ఏడేళ్ల పిల్లాడితో గంటసేపు ఒకే స్టాన్స్ చేయించగలిగిన మనిషి, క్లయింట్ కాల్‌లో ఓపిక కోల్పోడని హెచ్‌ఆర్‌కు మీరు చెప్పగలగాలి. గెలిచిన బౌట్ కంటే ఓడిన బౌట్ తర్వాత ఏం మార్చుకున్నారో చెబితే ఇంకా బాగుంటుంది. అయితే ఓపెన్ టోర్నమెంట్ మెడల్‌ను 'భారత్‌కు ప్రాతినిధ్యం' అని మాత్రం రాయొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఆఫర్ లెటరే పోతుంది.

ఎంట్రీ ఫీజు కట్టే ముందు

ఏ పోటీకైనా డబ్బు కట్టే ముందు ఐదు నిమిషాలు ఫోన్ పట్టుకుని ఇవి చూడండి.

ఒకటి, నిర్వహిస్తున్న సంస్థ పేరు. కేంద్ర క్రీడా శాఖ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన సమాఖ్యల జాబితా ఉంటుంది. పోటీ జరిగే తేదీ నాటికి ఆ పేరు ఉందో లేదో చూసి, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. తర్వాత పరిస్థితి మారినా ఆ రోజు ఏముందో మీ దగ్గర ఉంటుంది.

రెండు, రాష్ట్ర సంఘానికి ఆ జాతీయ సంస్థ అనుబంధం ఉందా అన్నది. పేర్లలో ఒక్క మాట తేడాతో రెండు సంఘాలు ఉండొచ్చు. అక్షరం అక్షరం సరిచూడండి.

మూడు, అంతర్జాతీయ పోటీ అంటే ప్రపంచ కరాటే సమాఖ్య క్యాలెండర్‌లో ఆ పోటీ కనిపించాలి. ఆ పోటీల ఎంట్రీలు, ఫలితాలు స్పోర్ట్‌డేటా అనే వెబ్‌సైట్‌లో నమోదవుతాయి. అక్కడ మీ పేరు లేని 'ప్రపంచ' మెడల్ గోడకు అలంకారమే.

నాలుగు, ఫారం ఇస్తారా అని ముందే అడగండి. 'మెడల్‌తో పాటు ఫారం 2 ఇస్తారా సార్?' అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మీకు జవాబు దొరికినట్టే. సర్టిఫికెట్లను డిజీలాకర్ ద్వారా ఇవ్వాలని క్రీడా శాఖ సమాఖ్యలకు చెబుతోంది కాబట్టి, అందులో వస్తుందా అని కూడా అడగండి.

ఐదు, సర్టిఫికెట్ మీద పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోవాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా కూడా పరిశీలనలో తలనొప్పి తెస్తుంది.

ఇన్‌స్ట్రక్టర్లకు చివరిగా ఒక్క మాట. నిన్నటిదాకా మీ మాస్టర్ చెప్పిన పోటీకి మీరు వెళ్లారు, ఎందుకని అడగలేదు. ఇప్పుడు మీరే మాస్టర్. మీరు వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క మెసేజ్‌తో ముప్ఫై ఇళ్లలో ఎంట్రీ ఫీజు, బస్సు టికెట్లు, హోటల్ గది లెక్క మొదలవుతాయి. అందులో ఆటో నడిపే నాన్నలు, టైలరింగ్ చేసే అమ్మలు కూడా ఉంటారు. అనుభవం కోసం ఆడే పోటీకి పంపడంలో తప్పేమీ లేదు, భయం పోవాలంటే పిల్లలు అలాంటివి ఆడాల్సిందే. కానీ ఆ మెసేజ్‌లోనే 'ఇది ప్రాక్టీస్ కోసం, ఉద్యోగానికి, సీటుకు పనికిరాదు' అని ఒక లైన్ రాయండి. ఇద్దరు ముగ్గురు తగ్గుతారేమో. మిగిలినవాళ్లు మిమ్మల్ని పదేళ్లు నమ్ముతారు.